గెడ్డ పక్క ప్లాటు

గంటస్తంభం వెనక నెట్టు సెంటర్లో
తిరుపతిరావు వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.
"అత్తా, పాన్ కార్డులో నువ్వు సన్యాసమ్మ,
ఆధార్‌లో సన్నేసమ్మ.
ఈ ఇద్దర్లో ఏజెంటు ఎవరు?"

పద్నాలుగేళ్ళ నుంచి నేనే కదరా.
భోగాపురం దారిలో
ఏ జీడితోట ఎవరిదో,
ఏ అన్నదమ్ముల మధ్య మాటల్లేవో,
ఏ నుయ్యి వాటా ఏ కోర్టులో నానుతోందో
అడంగల్ కన్నా ముందు నాకు తెలుసు.
బేరం కుదిరితే ఒక శాతం,
కుదరకపోతే టీ డబ్బులు నావి.
రసీదు ఎవరడిగారు, ఎవరిచ్చారు?

ఇప్పుడు లైసెన్సు కావాలట.
విమానం దిగే చోట
నోటిమాట దిగదట.

మూడేళ్ళ రిటర్నులు తెమ్మన్నారు.
"ఎంత సంపాదించావేటమ్మా?" అన్నాడు ఆడిటరు.
ఒక ఏడు బాగానే, రెండేళ్ళు అప్పు, అన్నాను.
కళ్ళజోడు తుడుచుకుని
మొదటిది మాత్రం మళ్ళీ చెప్పమన్నాడు.

ఆఫీసు చిరునామా అంటే
పార్వతీశం టీకొట్టు వెనక గది రాయించాను.
కరెంటు బిల్లు చూస్తే చచ్చిపోయిన వాళ్ళ మావ పేరున ఉంది.
అద్దె కాగితానికి ఆయన సంతకం కావాలట!
పేరు మార్పించడానికి నెలన్నర తిరిగాం.
ఫీజు పదివేలకి చీటీ పాడేశాను, నష్టానికే.
ఫోటో తీసే కుర్రాడు
"నవ్వకమ్మా, చెవులు కనబడాలి" అన్నాడు.
ఇన్నాళ్ళూ ఆ నవ్వే నా పెట్టుబడి.

చివరికి మిగిలింది నోటరీ కాగితం.
నా మీద కేసుల్లేవనీ,
మోసం చేసి శిక్షపడలేదనీ
లాయరు గడగడా చదివి
"అన్నీ నిజమే కదా? ఇక్కడ పెట్టు" అన్నాడు.

నిజమే.
పెంటన్న కేసు పెట్టలేదు.

ఎండాకాలం చూపించాను ఆ ప్లాటు.
గెడ్డ ఎండిపోయి ఇసక పక్కలా ఉంది.
నెల్లిమర్ల జూటు మిల్లులో ముప్పయ్యేళ్ళ నేత,
ఆ చివరి డబ్బుతో నూట యాభై గజాలు.
"నీరు రాదు కదా సన్నేసీ?"
ఎక్కడి నీరు పెంటన్నా,
ఇక్కడ కప్పలు కూడా దాహంతో చస్తాయి, అన్నాను.
నవ్వాను. నవ్వాడు. అడ్వాన్సు లెక్కపెట్టాడు.

తుఫాను పోయిన మర్నాడు ఫోను చేశాడు.
నడుంలోతు నీళ్ళలో ఉన్నట్టుంది, మాట తడిగా వచ్చింది.
"కప్పలు బాగానే ఉన్నాయి, సన్నేసీ."
అంతే. పెట్టేశాడు.

కలానికి మూత పెట్టేశాను.
లాయరు గడియారం వంక చూశాడు.
నేను బస్సు వంక చూశాను.

పెంటన్న అరుగు మీద గోగునార పురి పెడుతున్నాడు.
ఇంకెవరికైనా అమ్మిపెడదామంటే
ఆ ఇంకెవరికీ ఈత రాదు.
నా కమీషన్ పద్దెనిమిది వేలు,
అందులో నాలుగు వేలు చేతిలో పెట్టాను.
మిగతాది నెలనెలా, అన్నాను.
వేలు తడి చేసుకుని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు.
క్షమించానని అనలేదు.
"ఎల్లి సంతకం పెట్టీ.
లైసెన్సుంటే ఎవుల్ని తిట్టాలో
నంబరైనా ఉంటాది."

నంబరు వచ్చింది, అయిదేళ్ళకి.
సన్యాసమ్మ పేరునే.
టీకొట్టు వెనక గదిలో
పాల ఆవిరికి మసకబారకుండా
ప్లాస్టిక్ కవరు తొడిగి మేకుకి తగిలించాను.

నిన్న ఒక నర్సమ్మ వచ్చింది, స్కూటీ మీద.
సరిహద్దు రాళ్ళ కన్నా ముందు
తాటిచెట్టు దగ్గరికి తీసుకెళ్ళాను.
మొదలు మీద బురద చార
ఆవిడ భుజం దాకా ఉంది.
చేత్తో తడిమి చూసింది,
"థాంక్సండీ" అని వెళ్ళిపోయింది.

టీ డబ్బులు నావే.